పై వాటాలో కొండ

మంగళవారం నుంచి పైడిరాజు ఇంటి పై వాటాలో ఒక కొండ అద్దెకుంటోంది. సామాను తక్కువే తెచ్చుకుంది. కాస్త మంచు, నాలుగు సీతాఫలం చెట్లు, ఒక ముంగిస.

పైడిరాజుది విశాఖ అవతల కొండల్ని చదును చేసి ఇళ్ల స్థలాలు వేసే కాంట్రాక్టు. కనుక ఇది ఊరికే రాలేదని అతని అనుమానం. మెట్ల మీద నిలబడి చెవి ఒగ్గి వింటాడు. పైన చీమలు నడుస్తున్న చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అది అతనికి మరీ అనుమానంగా ఉంటుంది.

"ఏటి కావాలట దానికి?" అని భార్యను అడుగుతాడు.

"ఏమీ వద్దట," అంటుంది సుభాషిణి.

"ఏమీ అక్కర్లేకుండా ఎవులైనా ఒకరింటికొస్తారేటి?"

సుభాషిణి కాలేజీలో తత్వశాస్త్రం చెబుతుంది. అన్నం వడ్డిస్తూ అతనికి వివరిస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక చలిదేశంలో, కొండ మీద గుడిసె వేసుకుని బతికిన ఆలోచనాపరుడొకాయన ఉండేవాడట. ఏరు మురికైపోతే మనకు తాగునీళ్లెలా అనడం పైపై ప్రశ్నే అన్నాడట. అసలు ఏరు మన కోసమే ఉందని ఎవరన్నారు, అన్నది లోతు ప్రశ్న. నాచుకైనా నక్కకైనా బతుకు దాని సొంతం, మనకు పనికొచ్చినా రాకపోయినా. పైడిరాజు పప్పు కలుపుకుంటూ, ఆ గుడిసె స్థలం ఎవరి పేరున ఉందో కనుక్కోమంటాడు.

రోజూ సాయంత్రం ఆమె పైకి వెళ్తుంది. దిగేటప్పటికి కాస్త పెద్దదై ఉంటుంది. గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావాల్సి వస్తుంది. తనకు దాహంగా ఉందని చెప్పి పెరట్లో చెట్లకు నీళ్లు పోస్తుంది. సైటులో పొక్లెయిన్ మరో కొండను గీరితే, ఇంట్లో ఆమె మోచేయి చీరుకుపోతుంది. ఇది పైనున్నదాని కుట్రేనని గొణుగుతూ పైడిరాజు కట్టు కడతాడు. మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ ఆపిస్తాడు. ఎందుకో ఎవరికీ చెప్పడు.

ఆ సాయంత్రం పైకెళ్లిన సుభాషిణి కిందికి రాదు. అతను గునపం పట్టుకుని మెట్లెక్కి తలుపు కొడతాడు.

"మా ఆవిడేదీ?"

"నేనేనండీ," అంటుంది కొండ. "గునపం బయట పెట్టి రండి."

మోసమే అనుకుంటాడు. కానీ ఆ గొంతులో నిన్నటి నుంచి సుభాషిణిని పట్టుకున్న జలుబు కూడా ఉంది. గునపాన్ని గోడకు ఆనించి లోపలికి వెళ్తాడు. గది అడవంత పొడవుంటుంది. కూర్చున్న రాయి వెచ్చగా తగులుతుంది. పిట్ట ఒకటి వచ్చి అతని పక్కటెముకల మధ్య గడ్డిపరకలు అల్లడం మొదలుపెడుతుంది.

దీనివల్ల తనకేం లాభమని అడగబోతాడు. ఊపిరి వదిలితే గూడు చెదిరిపోతుంది. వదలడు.

కింద మెట్ల దగ్గర, తనూ పైకి రావడానికి, సముద్రం చెప్పులు విడుస్తుంది. జత వెంట జత, విడుస్తూనే ఉంటుంది.