బోరు పక్కన పచ్చగడ్డి

ఓటింగ్‌కు ముందు బోర్లను ఒకసారి చూసి వద్దామన్నది చైర్మన్‌గారే.

జిల్లాలో కొత్త కాలనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. వాటికి నీళ్లెక్కడి నుంచి తేవాలో కమిటీ తేల్చాలి. దూరపు నది నుంచి పైపులైను వేద్దామంటే ఖర్చు వినగానే కళ్లు తిరిగాయి. మురుగునీటిని శుద్ధి చేసి వాడదామంటే అందరూ ముక్కు మూసుకున్నారు. ఇక మిగిలినవి బోర్లు. చవక, దగ్గర, పైగా ఇంజనీరమ్మ పెట్టిన పరీక్షలో నెగ్గాయి. రాత్రింబవళ్లు మోటారు నడిపినా నీటిమట్టం ఒకచోట ఆగిపోయి, ఇక దిగనంది.

కమిటీవాళ్లు బోరు చుట్టూ చేరి ఫొటోలు దిగుతున్నారు. ఇంజనీరమ్మ చూపు నేల మీద పడింది. చుట్టూ నేలంతా బీటలు వారితే, బోరు పక్కనున్న గుంట ఒక్కటే పచ్చగడ్డితో నవనవలాడుతోంది. ఆమె ఆ గుంట దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

పరీక్షలో తోడిన నీటిని దూరంగా వదలాలి. పొడవు పైపు రాలేదని, "ఏం కొంప మునగదులే, ఈ గుంటలోకే వదిలెయ్ బాబాయ్" అని మోటారు నడిపే బాబాయికి చెప్పింది తనే. అసలే ఇసుక నేల. వదిలిన నీరు వదిలినట్టే ఇంకి మళ్లీ బోరులోకే చేరింది. మట్టం దిగమంటే ఎలా దిగుతుంది?

ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, నలుగురిలో తల ఎత్తుకోలేనన్న భయం ఇంకొకటి. అంతకు మించి అక్క. ఈ బోర్ల నీళ్లు వెళ్లాల్సిన పైపు చిట్టచివర ఉన్న కాలనీలో అక్క ఇల్లు కొన్నది, నీళ్లకు ఢోకా లేదన్న చెల్లెలి మాట నమ్మే.

ఓటింగ్ చూడ్డానికి వచ్చిన అక్కను సమావేశం హాలు బయట పక్కకు లాగింది.

"అక్కా, ఆ ఇల్లు అమ్మెయ్."

"మతి పోయిందా? రంగైనా ఆరలేదే!"

జరిగింది చెప్పింది. "ఇంకెవరికీ చెప్పకు. ముందు నువ్వు బయటపడు."

అక్క కొత్త ఇంటి తాళంచెవి బయటికి తీసింది.

"సరే, అమ్ముతాను. కొనేవాళ్లకి ఏం చెప్పమంటావ్? నీళ్లకి మా చెల్లెలు పూచీ అని చెప్పనా?"

ఇంతలో లోపలినుంచి పిలుపు వచ్చింది.

"బోర్లే ఖాయం అనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు చైర్మన్‌గారు. చేతులన్నీ లేచాయి. గోడవార కూర్చున్న ఇంజనీరమ్మ కూడా చెయ్యెత్తింది.

చైర్మన్‌గారు నవ్వారు. "నీకు ఓటు లేదమ్మా!"

"ఓటుకి కాదు సార్." ఇంజనీరమ్మ లేచి నిలబడింది. "పరీక్ష తప్పు. బోరులో తోడిన నీళ్లు బోరుకే పోశాను. ఇవి రెండో వేసవి దాటవు."

ఎత్తిన చేతులు దించాలని కూడా ఎవరికీ తోచలేదు. చైర్మన్‌గారి ముఖంలో నవ్వు మాయమైంది.

"మరి జనానికి నీళ్లెక్కడివమ్మా?"

"తెలీదు సార్" అంది. ఆ మాట అంటుంటే ఆమెకు జీవితంలో ఎప్పుడూ లేనంత భయమేసింది. వెనక వరసలో అక్క కొత్త ఇంటి తాళంచెవి గుప్పిట్లో బిగించి, చెల్లెలి వంకే చూస్తోంది.