అటువైపు ముఖం

మా ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్ల ముఖాలు నాకు సరిగ్గా గుర్తు లేవు. వీపులే గుర్తున్నాయి. షోలాపూరు మిల్లుకు వెళ్లిన తమ్ముడంటే రైలు తలుపు దగ్గర నీలం చొక్కా. అత్తారింటికి వెళ్లి పురిట్లోనే పోయిన మా అమ్మాయంటే రిక్షాలో జడ.

అందుకే హన్నా టీచరుగారు నంద్యాలలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పగానే నాకు భయం పట్టుకుంది. ఫోటో దిగమంటే ఆవిడ దిగరు. కిందటేడు జబ్బుచేసి ముఖం ఎడమపక్క జారిపోయింది. అప్పట్నుంచీ ఎక్కడ కూర్చున్నా కుడిచెంపే మనకు కనిపించేలా కూర్చుంటారు.

నాకు బొమ్మలు నేర్పింది ఆవిడే. మిషన్ బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. వన్‌టౌన్ లైబ్రరీలో పరిచయమయ్యారు. నేను బడి ముఖం చూడలేదు. మా బట్టల కొట్టుకు వచ్చే మూటల్లోని పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని.

"చదవడం ఎవరూ చెప్పకుండానే వచ్చిందిగా అక్కయ్యగారూ, గీయడం నేను చెబితే రాదా?" అన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిప్పేవారు. ఇన్నేళ్లూ బెజవాడ వీధుల్లో బురద, జట్కాలు చూసుకుంటూ నడిచానే గాని తలెత్తింది లేదు. కొట్ల మీద పాత మేడలున్నాయనీ, వాటి కిటికీలకు చెక్కిన కొయ్య తీగలున్నాయనీ అప్పుడే తెలిసింది.

మొదటి బొమ్మ మొగల్రాజపురం గుహ. గీసి చూపించాను.

"మిగతాదేదండీ?"

"అయిపోయిందండీ. అటువైపూ ఇదేగా."

మంగళగిరిలో మా నాన్న మగ్గానికి చీరల అంచులు నేనే గీసేదాన్ని. గోపురమైనా పువ్వయినా సగం గీస్తే చాలు. మిగతా సగం మగ్గమే తిప్పి నేసుకుంటుంది. ఆ సంగతి చెబితే టీచరుగారు పడీపడీ నవ్వి, పూర్తి చేయమన్నారు. నేను తలెత్తకుండా తిప్పి వేసేశాను.

"అటు పక్క ద్వారపాలకుడికి చెయ్యి లేదండీ. ఎప్పుడో ఊడిపోయిన చెయ్యి మీరు అతికించారు! గవర్నమెంటువాళ్లకు తెలిస్తే మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టుకుంటారు."

ఇక మిగిలింది ఒక్క ఆదివారం. ఆ రోజు బందరు కాలవ గట్టు మీద కూర్చున్నాం. బట్టలుతుకుతున్న ఒకావిడ అనుమానంగా చూసింది.

"ఏంటమ్మా, సర్వేనా? మా గుడిసెలు లేపేస్తారా?"

"ఈ చేత్తోనా తల్లీ! ముందు గీత తిన్నగా రానీ," అన్నాను. ఆవిడ నవ్వి మళ్లీ బట్ట బండకేసి బాదింది.

టీచరుగారు గీయమని పడవ చూపించారు. నేను కాగితం ఆవిడవైపు తిప్పాను.

"మిమ్మల్ని గీస్తాను."

"చాల్లెండి. ఇంత కాలవ ఉండగా నా ముఖమేంటి?"

"కాలవ ఎక్కడికీ పోవట్లేదుగా."

ఆవిడ కొంగు సర్దుకున్నారు. కుడిచెంప చూపిస్తూ కూర్చున్నారు. కన్ను, చెంప, పెదవి సగం దాకా గీసి ఆగాను.

"అటువైపు కూడా ఇలాగే తిప్పి వేసేయండి. మీ గోపురం అంచులాగ," అన్నారు నీళ్లవైపు చూస్తూ.

ఆవిడ నొచ్చుకుంటారని అలాగే వేశాను. తీరా చూస్తే కాగితం మీద ఎవరో ఉన్నారు. చక్కటి మనిషి. నేనెరగని మనిషి. ఈవిడ ముఖం నా దగ్గర దాచిపెట్టుకుందామనుకుంటే, రేపు మిగిలేది ఇదా? రబ్బరుతో ఆ సగం చెరిపేశాను.

"ఇటు తిరగండి టీచరుగారూ."

"వద్దండీ."

"ఒక్కసారి."

"వద్దంటుంటే! ఏం చూద్దామని?" గొంతు పెంచారు. బట్టలుతికే ఆవిడ చెయ్యి ఆగింది.

"మిమ్మల్నే," అన్నాను. "ఎల్లుండి రైలెక్కాక నాకు మీ వీపే మిగులుతుంది. అలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయండీ."

ఆవిడ మెల్లిగా ఇటు తిరిగారు. ఆ కన్ను పూర్తిగా మూతపడటం లేదు. కింద తడి. పెదవి చివర వదులైపోయింది. చెంప మీద గీతలే లేవు, చిన్నపిల్ల చెంపలా. చూసింది చూసినట్టు గీశాను. గీత చాలాచోట్ల వంకరపోయింది. అయినా అది హన్నా టీచరుగారే.

ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇది నాకిచ్చేయండి. డాక్టరు కూడా నన్నింతసేపు చూడలేదు."

నేను చప్పున లాక్కున్నాను. "ఇవ్వను."

"అదేంటండీ! నా ముఖమేగా?"

"మీకు అద్దముంది. నాకేముంది?"

ఆవిడ తెల్లబోయారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు ఒక పక్కకే వెళ్లింది.

"సరే, ఇంకో కాగితం తీయండి. నాకూ ఒకటి వేసిద్దురుగాని. ఎండెక్కుతోంది, త్వరగా," అని ఎడమచెంప నావైపు పెట్టి కూర్చున్నారు.

నేను పెన్సిలు చెక్కుకున్నాను.