మునగడమే నా ఉద్యోగం

నేను ఒక లైఫ్ జాకెట్‌ని. గోదావరి ఒడ్డున గండిరేవులో, కొండల మధ్యకు జనాన్ని తిప్పి తెచ్చే లాంచీలో ఉంటాను. ఒక షెడ్డులో మిషను మీద కుట్టారు నన్ను. లోపల నురుగు పలకలు, పైన నారింజ రంగు గుడ్డ, ముందు మూడు బెల్టులు. కుట్టినామె పళ్ళతో దారం తెంచి నన్ను గుట్టలో పడేసింది. నేను చేయవలసిన పని ఏమిటో ఆమె చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. నీళ్ళలో పడ్డ మనిషిని తేల్చాలి. నా బతుకు సార్థకం కావాలంటే ఎవరో ఒకరు పడాలి. ఆ కోరిక కోరుకోవడం నాకు ఎన్నడూ చేతకాలేదు.

మనుషులు నాకు వేరే పని చూపించారు. గండిరేవు దాటాక చెక్‌పోస్టు ఉంది. ఇన్‌స్పెక్టరు ఒడ్డున నిలబడి చూస్తాడు. అతను చూసినంతసేపూ నన్ను తొడుక్కుంటారు. లాంచీ మలుపు తిరగ్గానే విప్పి బల్ల మీద పరిచి, నా మీద కూర్చుంటారు. బల్లలు ఇనుపవి, ఎండకు కాలుతాయి. నా మీద కూర్చునే అంత్యాక్షరి ఆడారు, పులిహోర తిన్నారు, పిల్లల్ని నిద్రపుచ్చారు. కొత్త పెళ్ళికూతురు ఒకామె ఫొటోలో నగలు కనబడవని నన్ను తొడుక్కోనే లేదు. వాళ్ళ సంతోషానికి మెత్తగా పనికొస్తున్నానని కొన్నాళ్ళు తృప్తి పడ్డాను. లోపల నురుగు నలిగి అప్పడంలా అయిన సంగతి నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు.

లాంచీ నడిపేది నూకయ్య సరంగు. నీళ్ళంటే భయపడేవాళ్ళు వస్తే అతనికొక అలవాటు ఉంది. చుక్కాని గదిలో మేకుకు వేలాడే జాకెట్ తీసి, వంటగదిలోని రోటి పొత్రం దానికి కట్టి, తాడుతో నీళ్ళలోకి వదులుతాడు. అది తేలుతుంది. జనం చప్పట్లు కొట్టి ఎక్కుతారు. ఆ జాకెట్ మీద ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు. ఈ తేడా నూకయ్యకు కూడా తట్టలేదు.

ఒక ఆదివారం తణుకు నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి శ్రీకర్, అతని తల్లి మాణిక్యాంబ, కూతురు మేధ. అంతకు ముందు ఏడాది మేధ కాలవ మెట్ల మీద జారి నీళ్ళలో పడింది. తీశారు గానీ, అప్పటి నుంచి బకెట్లో నీళ్ళు తప్ప మరే నీళ్ళ దగ్గరికీ పోవడం లేదు. ఆ భయం పోగొట్టాలనే తండ్రి ఈ ప్రయాణం పెట్టుకున్నాడు. రేవులో నన్ను తొడిగి బెల్టులు బిగించాడు. మేధ లాంచీకి వేసిన చెక్క దగ్గర ఆగిపోయింది. వేళ్ళు నా గుడ్డలోకి దిగాయి.

"ఎక్కు తల్లీ, అందరూ నిన్నే చూస్తున్నారు," అన్నాడు శ్రీకర్.

"చూడనీ. నేనెక్కను."

నూకయ్య దిగి వచ్చాడు. "భయం దేనికి అమ్మలూ? ఇప్పుడే చూపిత్తాను ఉండు," అని చుక్కాని గది వైపు తిరిగాడు. జాకెట్, పొత్రం, తాడు తెచ్చాడు.

మేధ ఆ జాకెట్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసుకుంది.

"అది మీది కదా తాతా. నాకిచ్చింది ఇది. దీన్ని వెయ్యండి."

నూకయ్య నవ్వాడు. "అన్నీ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే ఇదే వెయ్యండి."

"అడిగిందిగా, వెయ్యవయ్యా," అంది మాణిక్యాంబ. "దానికి చూపిస్తే గానీ అన్నం కూడా దిగదు."

నన్ను విప్పి పొత్రం కట్టారు. జీవితంలో మొదటిసారి నీళ్ళను తాకాను. ఒక్క క్షణం నిలబడ్డాను. నాకున్నదంతా పెట్టి నిలబడ్డాను. తర్వాత ఒక పక్కకు ఒరిగి, పొత్రంతో పాటు కిందికి పోయాను.

నూకయ్య నన్ను పైకి లాగాడు. లాంచీలో అప్పటికే జాకెట్లు పరుచుకుని కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. తమ కిందున్నవాటిని తీసి వేళ్ళతో నొక్కి చూసుకున్నారు.

"ఈ పూట లాంచీ కదలదండి," అన్నాడు నూకయ్య.

టిక్కెట్ల గుమస్తా సత్తిబాబు పరుగున వచ్చాడు. "ఏం మాట్లాడతన్నావు నూకయ్యా? వంటలయిపోయినియ్యి. జనం ఎక్కేశారు. ఓనరుగారికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నూకయ్య నన్ను అతనికి అందించాడు. నాలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇది తొడుక్కుని ముందు బల్ల మీద కూకోండి. తీత్తాను లాంచీ."

సత్తిబాబు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఇసుకలో పెట్టాడు.

"చిన్నపిల్ల మాటకి ట్రిప్పంతా పాడయింది," అన్నాడు జనంలో ఒకాయన.

"ఆ చిన్నపిల్ల అడగబట్టే గట్టున నిలబడి తిడుతున్నావు నాయనా," అంది మాణిక్యాంబ. "తిట్టుకో."

ఆ రోజు లాంచీలో తినవలసిన అన్నం ఇసుకతిన్నె మీదే తిన్నారు. బొంగు చికెన్ చాలలేదని కాసేపు గొడవ పడ్డారు. మగాళ్ళు కబడ్డీ ఆడారు. నేను ఎండలో ఆరుతూ చూశాను. నూకయ్య తన జాకెట్ మేధకు తొడిగి, తాడు కొస తండ్రి చేతికిచ్చాడు. ముందే దానికీ పొత్రం కట్టించి, తేలిందని కళ్ళారా చూసుకున్న మేధ ఆ జాకెట్‌తో నీళ్ళలో అడుగు పెట్టింది. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగింది. నడుము దాకా వెళ్ళింది. వెనక్కి వాలింది. పాదాలు ఇసుకను వదిలాయి.

"నాన్నా, తాడు వదలకు," అంది. కాసేపటికి, "కొంచెం వదులు," అంది.

తర్వాత లాంచీకి కొత్త జాకెట్లు వచ్చాయి. పాతవాటిని గోతంలో కుక్కి పట్టుకుపోయారు. నూకయ్య నన్నొక్కదాన్నే తీసి చుక్కాని గదిలో మేకుకు తగిలించాడు. చూపించడానికి ఇప్పుడతను తేలేదాన్ని వాడడు. లాంచీ కదిలే ముందు నాకు పొత్రం కట్టి నీళ్ళలోకి వదులుతాడు. "దీని మీద నాలుగేళ్ళు కూచున్నారండి," అని మాత్రం చెబుతాడు.

తేలడానికి పుట్టాను. రోజూ మునుగుతున్నాను. అడుగున కాసేపు చీకటిగా ఉంటుంది, బురద తగులుతుంది. ఆ తర్వాత పైనుంచి లాంచీ ఇనుము గుండా ఆ చప్పుడు వస్తుంది. ఒకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ కలిసి, బెల్టులు బిగించుకుంటున్న చప్పుడు.