బల్ల మీద బిడ్డ

"నేను బల్ల మీద కూర్చోనమ్మా. ఇవాళొక్కరోజు నన్ను కూడా లోపలికి తీసుకుపోవే."

పెద్ద కూతురు మిల్లు స్టోరు గుమ్మం దగ్గర తల్లి కొంగు రెండు చేతులా పట్టుకుని వేలాడింది. తల్లి ఉదయం షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. జుట్టులో మిల్లు దూది నూగు ఇంకా అంటుకునే ఉంది. చంకలో చిన్నవాడు కిందికి జారుతున్నాడు, కాళ్లు పీకేస్తున్నాయి, వెనక వరసలో ఆడవాళ్లు విసుక్కుంటున్నారు.

"ఏం, బల్ల మీద ముళ్లున్నాయా?" అంది వెనకనుంచి పక్కింటి వదిన. ఆమె భారీ మనిషి, గొంతూ భారీదే. "మావాణ్ణి చూడవే, పెళ్లికొడుకులా కాళ్లూపుకుంటూ ఎలా కూర్చున్నాడో! వాడి పక్కన కూర్చో పో, నీకూ కాస్త కళ వస్తుంది."

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దది నవ్వలేదు. దానికి ఏడేళ్లు. ఏదైనా వద్దంటే ఎందుకు వద్దో పూసగుచ్చినట్టు చెప్పే పిల్ల. ఇవాళ ఎంత అడిగినా చెప్పడం లేదు.

"కాసేపేనమ్మా. పిండి, పంచదార, నూనె, సబ్బు. అంతే. ఇట్టే వచ్చేస్తాను" అని కొంగు విడిపించుకుంది.

మిల్లు జీతంలో సగం డబ్బుగా, సగం కూపన్లుగా ఇస్తుంది. ఆ కూపన్లు ఈ స్టోరులో తప్ప ఇంకెక్కడా చెల్లవు. బయటి దుకాణాల కంటే ఇక్కడ ప్రతి సరుకూ పావు వంతు ఎక్కువే. అయినా నెలాఖరులో మిల్లు కూలీల క్వార్టర్ల పొయ్యిలన్నీ ఈ స్టోరు సరుకుతోనే వెలుగుతాయి. స్టోరుకు ఒక పద్ధతి ఉంది. క్వార్టర్ల నుంచి పిల్లలతో వచ్చిన ఆడది ఒక బిడ్డను గుమ్మం పక్కన బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాలి. సరుకులు కొని, బిల్లు చూపించి, బిడ్డను తీసుకుని పోవాలి. ఎప్పుడో ఎవరి పిల్లాడో నూనె సీసా పగలగొట్టాడట, అప్పటినుంచీ ఈ పద్ధతి వచ్చిందట. ఆ పిల్లాణ్ణి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆఫీసర్ల ఇళ్లవాళ్లు వస్తే వాళ్ల పిల్లలు సరుకుల బండిలో కూర్చుని రాజుల్లా లోపలంతా తిరుగుతారు. వాళ్లు సీసాలు పగలగొట్టరని స్టోరుకు నమ్మకం కాబోలు.

చిన్నవాణ్ణి ఒక్కణ్ణే తెస్తే వాణ్ణే బల్ల మీద పెట్టాలి. మూడేళ్లవాడు, రెప్పపాటులో రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. అందుకని పెద్దదాన్ని వెంట తెస్తోంది. బుద్ధిమంతురాలు, చెప్పినచోట కూర్చుంటుంది. ఆ బుద్ధిమంతురాలే ఇప్పుడు బల్ల అంచున, కాళ్లు నేలకు అందక, తల వంచుకుని కూర్చుంది. పక్కన వదిన కొడుకు, ఆ పక్కన ఇంకో నలుగురు. స్టోరు కాపలావాడు గోడకు ఆనుకుని బీడీ వెలిగించాడు.

లోపల చిన్నవాడు కనబడ్డ ప్రతిదాని మీదికీ చేతులు చాచాడు. "అమ్మా, అది! అమ్మా, ఇది!" తల్లి వాడి రెండు చేతులూ ఒక్క చేత్తో బిగించి పట్టుకుని, రెండో చేత్తో పిండి సంచి బుట్టలోకి దింపింది. అరల సందులోంచి ఒకసారి బల్ల వైపు చూసింది. పెద్దదాని ఎర్ర రిబ్బను కనబడింది. పంచదార తీసుకుంది. మళ్లీ చూసింది. రిబ్బను ఉంది. సబ్బుల వరసలోకి తిరగగానే గుమ్మం కనుమరుగైంది. అక్కడ చిన్నవాడు సబ్బుపెట్టె ఒకటి లాగి కింద పడేశాడు. అది తీసి, ఎవరైనా చూశారేమోనని భయపడి, తుడిచి, ఉన్నచోటే పెట్టి, నూనె డబ్బా అందుకుని ఇవతలికి వచ్చింది.

బల్ల ఖాళీగా ఉంది.

పిల్లలు ఒక్కరూ లేరు. బుట్ట ఈడ్చుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి రోడ్డు చూసింది. లారీలు పోతున్నాయి. కాపలావాడు కూడా కనబడలేదు.

"ఏమేవ్! ఎక్కడున్నావే!" అని అరిచింది. సరుకుల బండి తోసుకుపోతున్న ఆవిడ ఒకరు ఆగి, విసుగ్గా చూసి, వెళ్లిపోయారు. చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. దేవుడా, దేవుడా అనుకుంటూ ఆమె అరల మధ్య పడి పరుగెత్తింది. ఉప్పు బస్తాల దగ్గర వదిన ఎదురైంది.

"వదినా, పిల్లలు లేరు! బల్ల మీద ఎవ్వరూ లేరు!"

"ఎక్కడికి పోతారు, అరవకు" అంది వదిన. ఆ భారీ గొంతు ఈసారి చాలా చిన్నగా వచ్చింది. "లోపలికి పిలిచుంటాడు మేనేజరు. చాక్లెట్ ఇస్తాడులే."

"లోపలికా? ఏ లోపలికి?"

వదిన ఉప్పు బస్తా మీద అంటుకున్న చీటీని గోటితో గీకింది. "ఊరికే కూర్చోలేక పొట్లాలు కడతారంట. బిల్లు అయ్యేలోపు వదిలేస్తారు."

"నీకు తెలుసా?"

"తెలిసి ఏం చెయ్యనే? కూపన్లు ఆపేస్తే మట్టి తింటామా? నీకు చెబితే నువ్వు ఊరుకోవు. అందుకే చెప్పలేదు."

తల్లి స్టోరు వెనక భాగానికి పరుగెత్తింది. అక్కడ ఇనుప తలుపు అవతలినుంచి దగ్గులు వినిపిస్తున్నాయి. పెద్దవాళ్ల దగ్గు కాదు. సన్నగా, ఒకదాని మీద ఒకటి పడుతున్న దగ్గులు. తలుపు దగ్గరికి రాగానే తల్లికి తుమ్ము వచ్చింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం ఘాటు. అప్పుడర్థమైంది ఆమెకు. సరుకులు తెచ్చిన ప్రతిసారీ రాత్రికి పెద్దదాని కళ్లు ఎర్రబడేవి. మట్టిలో ఆడి ఆ చేతులతోనే నలుపుకున్నావని తనే తిట్టింది. తడిగుడ్డ వేసింది. తగ్గకపోతే దేవుడికి దీపం మొక్కుకుంది. పాపం ఆ దేవుడైనా ఏం చేస్తాడు, కళ్లలో కారం పడే చోటికే తల్లి చేయి పట్టుకుని తెచ్చి కూర్చోబెడుతుంటే? కానీ అన్నీ చూసేవాడంటారే ఆయన్ని, మరి ఈ తలుపు కూడా చూసే ఉండాలి కదా. ఈ మాట అడిగినందుకు ఆయన కోపగించుకోడని ఆమెకు నమ్మకం.

తలుపు ముందు కాపలావాడు నిలబడి ఉన్నాడు. "ఇటు రాకూడదమ్మా."

"నా కూతురు లోపలుంది. తప్పుకో అన్నా."

"సారు చెప్పాలి."

ఆమె చిన్నవాణ్ణి చంకనెత్తుకుని, వాడి బరువుతో సహా తలుపును భుజంతో నెట్టింది. కాపలావాడు పట్టుకోబోయి, పసివాడు కింద పడతాడని చేయి వెనక్కి తీసుకున్నాడు.

కిటికీ లేని గది. నేలమీద గోనె పరిచి, దాని మీద ఎర్రగా కారం కుప్ప పోశారు. చుట్టూ పిల్లలు. కొందరి ముక్కులకు గుడ్డ ఉంది, కొందరికి లేదు. ఒకరు గరిటెతో కవర్లోకి పోస్తున్నారు, ఒకరు ఆ కవరు మూతిని కొవ్వొత్తి మంటకు చూపించి అతికిస్తున్నారు. మంట దగ్గర కూర్చున్నది పెద్దది. ముక్కుకు గుడ్డ లేదు. బొటనవేలి కొన నల్లగా కాలి ఉంది.

తల్లిని చూడగానే పెద్దదాని ముఖం పాలిపోయింది.

"అమ్మా, నేను చెప్పలేదు! నేనేం చెప్పలేదు, నువ్వే వచ్చావు!" అంది గబగబా. తర్వాత తల్లి భుజం మీదుగా ఎవరినో చూస్తూ, "సార్, నేను చెప్పలేదు సార్. మా అమ్మ కూపన్లు చింపొద్దు సార్" అంది.

వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు. శుభ్రమైన చొక్కా, మెత్తని గొంతు. "ఎందుకమ్మా ఇంత గొడవ? పిల్లలకి కాలక్షేపం. చేతికి పని అలవాటవుతుంది, చాక్లెట్ కూడా ఇస్తాం. నేను పెట్టిన పద్ధతి కూడా కాదు, మొదటినుంచీ ఉన్నదే. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

"అడగడానికి మాకు తెలియదు సార్."

"కొందరికి తెలుసు" అన్నాడు మేనేజరు చిరునవ్వుతో. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ వదిన తల దించుకుంది. "సరే, నీకిష్టం లేకపోతే నీ పిల్లని తీసుకుపో. ఎవరొద్దన్నారు? కూపన్లు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు. ఇక నీకు ఇక్కడ సరుకు లేదు. మిల్లులో కూడా ఒక మాట చెబుతాను, ఎందుకైనా మంచిది."

ఆ మాటకు ఆమెకు పొద్దున డబ్బాలో అడుగున మిగిలిన పిండి కళ్లముందు కదిలింది. తప్పయింది సార్ అనడానికి నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంతలో చంకలోని చిన్నవాడు ఘాటుకు దగ్గడం మొదలుపెట్టాడు. ఊపిరి అందక ముఖం కందిపోయేలా దగ్గాడు. మరో రెండేళ్లు పోతే ఈ గోనె చుట్టూ వీడి చోటు వీడికి సిద్ధంగా ఉంటుంది.

రొంటిన దోపుకున్న కూపన్లు తీసి గోనె మీద పెట్టింది. పెద్దదాని చేతిలోని కవరు లాక్కుని పక్కన పడేసింది. వంగి, వట్టి వేళ్లతో కొవ్వొత్తి ఆర్పేసింది.

"నా బిడ్డని ఇక కూర్చోబెట్టను" అంది. ఆ మాట మేనేజరుతో కూడా అనలేదు, నేలకేసి చూస్తూ అంది. తర్వాత మిగతా పిల్లల వైపు తిరిగింది. "లేవండి నాయనా. మీ అమ్మలు బయటే ఉన్నారు. లేవండమ్మా."

ఎవరూ లేవలేదు. పిల్లలంతా మేనేజరు ముఖం చూశారు.

"కూర్చోండర్రా" అన్నాడు మేనేజరు, ఇంకా మెత్తగానే. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నీ కొడుక్కి నువ్వు చెప్పు, కూర్చోమని."

వదిన నోరు తెరిచింది. గోనె అవతల ఆమె కొడుకు గరిటె చేత్తో పట్టుకునే, సగం లేచి, సగం వంగి, తల్లి పెదవులకేసి చూస్తున్నాడు.