మెరిసిన ప్లగ్గు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. తప్పులుంటే, రాత నెమ్మదిగా సాగితే మన్నించండి.

మా ఆయన పోయాక, రోజూ ఆయన పాత స్పోర్ట్స్ కారు స్టార్ట్ చేసి ఆ చప్పుడు వింటేనే నాకు తెల్లవారేది. ఈమధ్య రేడియేటర్లో ఎన్ని నీళ్లు పోసినా తగ్గిపోతున్నాయి. కింద చుక్క కూడా పడడం లేదు. కార్ల షెడ్డులో మెకానిక్ అయిన మా అల్లుడు ఇంజను ప్లగ్గులు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. మూడు మసిబారాయి, ఒకటి కడిగినట్టు మెరుస్తోంది.

"ఇదొక్కటైనా బాగుంది కదా, బాబూ!"

"అదే అత్తయ్యా రోగం. నీళ్లు లోపలికి దిగి దాన్ని కడిగేస్తున్నాయి. ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా పెట్టి చూశాను, ఇంజను బ్లాకే, అంటే దాని ఇనుప ఒళ్లే, పగిలింది. ఇలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు."

"అతుకు వెయ్యలేవా?"

"నిలవదు. ఇంకోసారి స్టార్ట్ చేస్తే మొత్తం పోతుంది."

అతను ప్లగ్గులు మళ్లీ బిగించాక, తాళంచెవి పట్టుకుని కారు సీట్లో కూర్చున్నాను. దిగమని అల్లుడు అనలేదు. స్పానర్లు తుడుస్తూ ఉండిపోయాడు.

— అందరూ పిలిచే పేరు షెడ్డు అత్తయ్య. డెబ్బై ఒక్కేళ్లు. ఉండేది షెడ్డు పైగదిలో.