చెవి పట్టుకుంటే ఒక అడుగు వెనక్కి

అందరూ అతన్ని గోడ అనేవాళ్ళు. దేశం తరఫున అరవై ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడాడు, అన్నీ వెనక వరసలోనే. అతన్ని దాటి గోల్ కొట్టబోయే ముందు ఎదుటి జట్ల వాళ్ళు వీలునామా రాసుకునేవారని చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది అతనేనని వాళ్ళక్క అంటుంది.

ఆట మానేసి కోచ్ అయ్యాడు. చిత్రమేమిటంటే, కాళ్ళకొచ్చిన విద్య నోటికి రాలేదు. "అలా కాదు, ఇలా" అనేవాడు. ఎలా సార్ అంటే, ఇలాగే అనేవాడు. ఆ లోటంతా గొంతుతో పూడ్చేవాడు. అతను వెనక్కి రమ్మని అరిస్తే మైదానం పక్క వీధిలో బట్టలారేసుకునేవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఆటగాళ్ళు మాత్రం ముందుకు పరిగెత్తేవారు. మూడు క్లబ్బులు పూలగుచ్ఛాలిచ్చి మరీ సాగనంపాయి. నాలుగోది ఈ అమ్మాయిల జట్టు. సీజన్‌లో ఆఖరి మ్యాచ్ రోజు పొద్దున్నే క్లబ్ సెక్రెటరీ గదిలోకి పిలిచాడు. ఇవాళ ఓడకుండా బయటపడితే జట్టు ఈ లీగ్‌లో ఉంటుంది, మీరూ ఉంటారు, ఓడితే జట్టు కింది లీగ్‌కి, మీరు ఇంటికి అని చాలా మర్యాదగా చెప్పాడు. టీ కూడా ఇప్పించాడు. ఇంత మర్యాద సాగనంపడానికేనని గోడకి ఆ టీతోనే అర్థమైంది.

మధ్యాహ్నం మైదానానికి వెళ్ళేసరికి గ్యాలరీ మొదటి వరసలో అక్క కూర్చుని ఉంది. బళ్ళో లెక్కల టీచరు. అతను కోచ్ అయ్యాక ఒక్క మ్యాచ్‌కీ పిలవలేదు. ఏమిటి ఇలా వచ్చావంటే, "ఉద్యోగం పోయే రోజైనా దగ్గరుండి చూద్దామని వచ్చాన్రా" అంది.

ఇంకో సంగతీ ఉంది. ఆట మానేసిన రోజు అతను మైకు పట్టుకుని అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. కోచ్‌లు, డాక్టరు, కాళ్ళు మర్దనా చేసినాయన, గడ్డి కోసినాయన, చివరికి జట్టు బస్సు డ్రైవరు. అక్క పేరు మాత్రం ఎత్తలేదు. ఆవిడా అడగలేదు. అడక్కుండా గుర్తుపెట్టుకోవడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

ఎనభై రెండో నిమిషం దాకా గోల్ లేదు. అప్పుడు అవతలి జట్టు పిల్ల ఒకతి గీత పక్కనుంచి బంతి తీసుకుని అందరినీ దాటేసింది. సరిగ్గా గీత అవతల నిలబడ్డ గోడ ముందు నుంచి వెళుతోంది. ఆ తర్వాత జరిగినదానికి అతని బుర్ర బాధ్యత లేదు. ఇస్త్రీ ప్యాంటు, తోలు బూట్లు, నలభై ఆరేళ్ళ వయసు, అన్నిటితో కలిపి గడ్డి మీద జారుకుంటూ వెళ్ళి బంతిని తన్నేశాడు. ఆ పిల్లకి చిన్న గీత కూడా పడలేదు. అంత చక్కటి టాకిల్ ఆ మైదానంలో ఎవరూ చూడలేదు. ఒకటే లోపం, అతను ఆ మ్యాచ్‌లో ఆడటం లేదు.

రిఫరీ అవతలివాళ్ళకి ఫ్రీకిక్ ఇచ్చి, ఇతనికి రెడ్ కార్డ్ చూపించింది. గ్యాలరీలోకి పొమ్మంది. అక్కణ్ణుంచి ఒక్క అరుపు వినబడినా పై వాళ్ళకి రాసి పంపిస్తానంది. గోడ మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుతో వచ్చి అక్క పక్కన కూలబడ్డాడు.

"అరవై రెండోది కూడా ఆడేశావుగా, ఇంక కూర్చో" అని అక్క చేతిరుమాలు ఇచ్చింది.

అరుపు బయటికి రాకుండా అతను దాన్ని నోట్లో కుక్కుకున్నాడు. ఫ్రీకిక్‌కి అంతా సిద్ధమయ్యారు. వెనక వరసలో కెప్టెన్, పగలు పళ్ళ ఆసుపత్రిలో నర్సుగా చేసే పిల్ల, చెవి తమ్మె పట్టుకుంది. వరసంతా ఒక అడుగు వెనక్కి వేసింది. బంతి తిన్నగా ఆమె తలకే వచ్చింది, అవతలికి కొట్టేసింది. మళ్ళీ దాడి వచ్చింది. ఈసారి ముక్కు ముట్టుకుంది. వరసంతా ముందుకు కదిలింది, ఆఫ్‌సైడ్ జెండా లేచి దాడి ఆగిపోయింది.

అక్క అతని వైపు తిరిగింది. "ఆ పిల్ల చెవెందుకు పట్టుకుంది?"

రెండు నెలల కిందట అతని గొంతు వారం రోజులు పూర్తిగా పోయింది. అరవడం కుదరక చేతులు వాటంతటవే ఏవో సైగలు చేశాయి. ఆ వారమే అమ్మాయిలకి మొదటిసారి ఏదో అర్థమైంది, ఆ సైగలే వాళ్ళ ఆటలోకి వచ్చేశాయి. ఆ సైగలు ఎక్కడివో అతను ఆలోచించలేదు. ఇప్పుడు నోట్లో గుడ్డతో కూర్చుంటే తెలిసింది. అమ్మది టెలిఫోన్ ఆఫీసులో రాత్రి డ్యూటీ, పగలు పడుకునేది. ఇంట్లో చప్పుడు కాకూడదు. మూడో అంతస్తు నడవలో పక్కింటి పిల్లలు మేజోళ్ళ ఉండని తంతుంటే, తొమ్మిదేళ్ళ గోడ అమ్మ అద్దాల బీరువాకి అడ్డంగా నిలబడేవాడు. వాళ్ళ వెనక నుంచి పన్నెండేళ్ళ అక్క సైగలతోనే అతన్ని ఆడించేది. చెవి పట్టుకుంటే వెనక్కి. ముక్కు ముట్టుకుంటే ముందుకి. బీరువా ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

గుడ్డ తీశాడు. "మన నడవలోదే అక్కా. నాకొచ్చిన ఆట అదొక్కటే, అది నువ్వు నేర్పిందే. ఆ రోజు మైకులో చెప్పలేదు. ఆడపిల్ల నేర్పిందంటే నవ్వుతారనుకున్నా."

అక్క చేతిరుమాలు వెనక్కి తీసుకుని మడతపెట్టింది. "బస్సు డ్రైవర్ పేరు చెప్పావు."

"చెప్పాను."

"పాపం, మంచివాడేలే" అంది. 

ఆట గోల్ లేకుండానే ముగిసింది. సెక్రెటరీ పరుగున వచ్చి, వచ్చే ఏడు కూడా మీరే, దయచేసి గీతకి దూరంగా నిలబడండి అన్నాడు. ఈసారి టీ ఇవ్వలేదు, దాంతో గోడ మనసు కుదుటపడింది. అమ్మాయిలు బురదకాళ్ళతో గ్యాలరీ కమ్మీల దగ్గరికి చేరారు. అతను లేచి నిలబడి, మైకు అక్కర్లేనంత గట్టిగా చెప్పాడు. "ఈవిడ మా అక్క. నా మొదటి కోచ్. మీరు ఇందాక ఆడింది ఈవిడ ఆటే."

అక్క సిగ్గుపడుతుందనుకున్నాడు. ఆవిడ అప్పటికే కమ్మీ మీదికి వంగి, చెవి అర క్షణం ఆలస్యంగా పట్టుకున్నావమ్మా అని కెప్టెన్‌కి పాఠం మొదలుపెట్టేసింది. మధ్యలో ఏదో సర్దిచెబుదామని గోడ ముందుకొచ్చాడు. అక్క అతని వైపు చూడనైనా చూడకుండా చెవి తమ్మె పట్టుకుంది.

దేశానికి అరవై ఒక్క మ్యాచ్‌లు ఆడిన మనిషి, నవ్వుకుంటూ, ఒక అడుగు వెనక్కి వేశాడు.