కట్ చెప్పేదాకా

శీతల గిడ్డంగి తలుపు మూసుకుంది. లోపలివైపు పిడిని సెట్ పనివాళ్లు పొద్దున్నే ఊడదీశారు. తలుపు అద్దంలోంచి చూసే ప్రేక్షకుడికి ఇక దారి లేదని అర్థం కావాలట. దాన్ని మళ్లీ తెరిపించేది ఒక్క మాటే. బయట దర్శకుడు హిరాబయాషి ‘కట్’ అనాలి.

ఇజుమి ఒకాఫోర్‌కి ఇది తొమ్మిదో సినిమా, పేరున్న పాత్ర మాత్రం మొదటిది. తండ్రిది నైజీరియా, తల్లిది జపాన్‌లోని కిషివాడా. పుట్టిందీ పెరిగిందీ కిషివాడా చేపల రేవు పక్కనే. సినిమాలో మాత్రం జపనీస్ ముక్క రాని విదేశీ విద్యార్థిని. జోంబీల చేతిలో అందరికంటే ముందు చచ్చేదీ ఆమే. ఉన్న డైలాగు ఒక్కటి, ‘హెల్ప్ మీ’. బళ్లో ఆమెకు ఇంగ్లిష్‌లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. జపనీస్‌లో అరుస్తానని రెండుసార్లు అడిగింది. ఆ ముఖానికి ఆ భాష వస్తే హాల్లో జనం నవ్వుతారని హిరాబయాషి మర్యాదగా చెప్పాడు. ఇష్టం లేకపోతే వేరే అమ్మాయి సిద్ధంగా ఉందన్నాడు, అంతే మర్యాదగా.

కెమెరా తిరిగింది. నోట్లోంచి ఆవిరి కనబడాలని లోపల మైనస్ పది పెట్టారు. ఇజుమి అద్దం బాదుతూ అరిచింది. వెనకనుంచి జోంబీ వచ్చి మెడ కొరకాలి. రాలేదు.

తిరిగి చూస్తే జోంబీ బయటికి కనబడకుండా నేలమీదున్నాడు. అతని పేరు తకసుగి. ముప్ఫై ఏళ్లుగా గుంపులో శవం వేషాలే వేస్తున్న అరవై ఏడేళ్ల మనిషి. ఛాతీ పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు.

“బాబాయ్, ఏమైంది?” ఆమె పెదవులు కదపకుండా, మైకుకి అందనంత మెల్లగా అడిగింది.

“గుండె పట్టేసిందమ్మా. నువ్వు కానియ్. ఇన్నేళ్లలో నావల్ల ఒక్క టేకు ఆగలేదు.”

ఆమె అద్దం మీద పడింది. ‘హెల్ప్ మీ, హెల్ప్ మీ’. ఈసారి నిజంగానే అరిచింది. బయట హిరాబయాషి వెలిగిపోతున్న ముఖంతో బొటనవేలు ఎత్తాడు. ఎంత నిజంగా అరిస్తే అంత గొప్ప నటన వాళ్లకి. జపనీస్‌లో నోరు విప్పితే టేకు పోతుంది, టేకుతో పాటు పాత్రా పోతుంది.

వెనక తకసుగి గోళ్లు నేలను గీకడం మానేశాయి.

“తలుపు తియ్యండ్రా సన్నాసుల్లారా!” ఇజుమి జపనీస్‌లోనే అరిచింది, రేవులో బోటువాళ్లని కేకేసే గొంతుతో. “ముసలాయన ప్రాణం పోతోంది. మీ కట్ కోసం చూస్తా కూర్చుంటే ఇక్కడ నిజం శవమే దొరుకుద్ది మీకు!”

ఎవరూ నవ్వలేదు. సౌండ్ రికార్డిస్టు నగుమో హెడ్‌ఫోన్లు పీకిపారేసి పరుగున వచ్చి తలుపు లాగేసింది. అప్పటికీ కట్ అని ఎవరూ అనలేదు.

తకసుగి స్ట్రెచర్ మీంచే టేకు చెడగొట్టినందుకు అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ వెళ్లాడు. మధ్యాహ్నానికి ప్రాణభయం లేదని ఫోనొచ్చింది. హిరాబయాషి ఇజుమి ముందు నడుము వంచి నమస్కరించాడు. వంగినవాడు లేస్తూనే, వేరే జోంబీని పెట్టి సీను మళ్లీ తీద్దామన్నాడు. ఇంగ్లిష్‌లోనే. ఆ జపనీస్ అరుపుకి ఇక్కడ ఎవరికీ నవ్వు రాలేదని నగుమో అడ్డుపడింది. అతను స్క్రిప్టు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

ఇజుమి అడిగింది ఒక్కటే. తలుపు దగ్గర నగుమో నిలబడాలి. ఒప్పుకున్నారు.

తలుపు మళ్లీ మూసుకుంది. చలి మళ్లీ ఎముకల్లోకి దిగింది. అదే అద్దం, అవతల అవే ముఖాలు. ఆమె అరచేత్తో ఒక్కటి బాది, నోరు తెరిచింది.

“తలుపు తియ్యండ్రా! నన్నిక్కడ వదిలేసి ఎక్కడికిరా పోతారు? నేనూ ఈ ఊరిదాన్నేరా!”

హిరాబయాషి నోరు తెరుచుకోవడం అద్దంలోంచి కనబడింది. నగుమో చెయ్యి బయటి పిడి మీదే ఉంది. కెమెరా తిరుగుతూనే ఉంది. కొత్త జోంబీ ఊపిరి వెచ్చగా మెడకు తగిలింది. ఇజుమి మళ్లీ బాదింది.

హిరాబయాషి కట్ చెప్పలేదు.